నమ్మనివాడి గేటు

మీ గేటుకు సూటిగా ఒక దారి వచ్చి ఆగితే, ఆ దారి వెంట మీ ఇంటికి వచ్చేది కీడు ఒక్కటేనని మీకు ఎవరు చెప్పారు? పాలమనిషి ఆ దారిన రాదా? గ్యాసు బండి రాదా? గుండె పట్టుకుని మీరు కూలబడిన రోజున మీ కోసం వచ్చే అంబులెన్సు ఆకాశంలోంచి దిగుతుందా? వాస్తు పండితులు దీనికి వీధిపోటు అని పేరు పెట్టారు. ఎదురుగా ఉన్న దారి బల్లెంలా వచ్చి ఇంటిని పొడుస్తుందట. ఇంటిని పొడిచిన దారిని నేను ఇంతవరకు చూడలేదు. పొడుస్తుందన్న భయంతో గేటును తూర్పు నుంచి ఉత్తరానికి జరిపినవాళ్ళను చూశాను. ప్రహరీకి వినాయకుణ్ణి అతికించి హాయిగా నిద్రపోయినవాళ్ళను చూశాను. ఇంజినీరింగు చదివి, వంతెనలు కట్టి, సొంత ఇంటి విషయంలో మాత్రం వక్కలు నమిలే ఒక పెద్దమనిషి చెప్పినట్టు మెట్లు పడగొట్టుకున్న మిత్రుణ్ణి కూడా చూశాను.

ఇన్నేళ్ళుగా సభల్లో, పత్రికల్లో దీని మీద వాదిస్తూనే ఉన్నాను. నా ఉపన్యాసం విని ఒక్కరైనా గేటు జరపడం మానుకున్నట్టు దాఖలా లేదు. చప్పట్లు కొడతారు, టీ తాగుతారు, ఇంటికి వెళ్ళి గేటు జరుపుకుంటారు. నా అపనమ్మకం మా వీధికి నిజంగా పనికొచ్చింది ఒక్కసారే. అది కూడా నా వాదన ఎవరికో నచ్చి కాదు.

తిరుమల కొండల వరుస దూరంగా నీలంగా కనిపించే ఊరు మాది. మా వీధిలో ఒక వైపే ఇళ్ళు. రెండో వైపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక గోడ. నేను ఇల్లు కొనేనాటికే ఉంది. దొంగల భయానికి కట్టించామని పాతకాపులు చెబుతారు. గోడ అవతల ఉండేది దొంగలు కాదు. ఆసుపత్రుల్లో ఆయాలు, తాపీ పనివాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, మా ఇళ్ళల్లోనే పాచిపని చేసే ఆడవాళ్ళు. రేకుల కప్పుతో ఒక చర్చి ఉంది, ఇంకాస్త చిన్నదిగా ఒక గంగమ్మ గుడి ఉంది. తెల్లారగానే మేము తాళం చెవి చేతికిచ్చి వంటింట్లోకి పిలిచే మనుషుల నుంచే ఆ గోడ మమ్మల్ని కాపాడుతూ వచ్చింది.

వాళ్ళకు పెద్ద రోడ్డుకు దారి లేదా అంటే, ఉంది. వెనకవైపు నుంచి మెట్లు మెట్లుగా దిగే సన్నని సందు. మనిషి దిగుతాడు. సైకిలును భుజాన వేసుకుని దిగాలి. ఆటో రాదు.

పోయిన ఏడాది మా మునిసిపాలిటీ ఒక పథకం ప్రకటించింది. పక్కపక్కన ఉన్న రెండు వీధులు కలిసి, తమకు కావలసిన బాగేదో తామే తేల్చుకుని, తమ వంతుగా కొంత సొమ్మో శ్రమో పెడితే, మిగతా ఖర్చు మునిసిపాలిటీ ఇస్తుంది. షరతు ఒక్కటే. రెండు వీధులూ కలిసి అడగాలి, కలిసి పనిచేయాలి. ఒక్క వీధి పోయి అడిగితే వట్టి చేతులతో పంపిస్తారు. ఆ షరతు రాసిన ఉద్యోగి ఎవరో నాకు తెలియదు. కుల నిర్మూలన మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ కలిసి చేయలేని పనిని ఆ ఒక్క వాక్యం చేసింది. మా వీధివాళ్ళు గోడ అవతలివాళ్ళను కూర్చోమని కుర్చీలు వేశారు.

ఒక ఆదివారం సాయంత్రం మా వీధిలోనే సమావేశం. మా వీధి సంఘానికి అధ్యక్షుడు ఒక గ్రానైటు వ్యాపారి. చిత్తూరు దారిలో ఆయనకు రాళ్ళు కోసే షెడ్డు ఉంది. మనిషి మంచివాడు. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా ముందుగా వచ్చి షామియానా కట్టించేది ఆయనే. ఏ మేలు తలపెట్టినా అది నల్లరాతిలో, తన పేరుతో ఉండాలన్నది ఒక్కటే ఆయన బలహీనత.

"వీధి మొదట్లో ఒక ఆర్చి పెడితే ఉండాదే, ఊరంతా మన తట్టు సూస్తాదబ్బా," అన్నాడు. "రాయి నాది. సిమెంటు, కూలి మునిసిపాలిటీ పెట్టుకుంటాది. పేర్లు సెక్కిద్దాం. రెండు వీధుల పెద్దలవీ సెక్కిద్దాం, తేడా లేకుండా."

మా వైపువాళ్ళు తలలూపారు. అవతలివైపు నుంచి నలభై ఏళ్ళుండే ఒక ఆవిడ లేచింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది.

"ఆ ఆర్చి కిందికి మేం యాడినుంచి రావాల సార్? గోడ దూకి రావాల్నా?"

రెండు వైపులా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నవ్వేదానికి సెప్పలేదు సార్. మా నాయనకి సుగరొచ్చి కాలు తీసేసినారు. కిడ్నీలు కూడా పోయినాయి. వారానికి రెండుతూర్లు డయాలసిస్‌కి తీసకపోవాల. ఆ సందులో మెట్లు దించేదానికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తారు. కూలికి పొయ్యే మొగోళ్ళు పని మానుకోని ఎన్నితూర్లు మోస్తారు? మనుషులు దొరకని దినం నాయన ఆస్పత్రికి పోడు. మొన్న అట్ల ఒకతూరి ఎగ్గొడితే, ఊపిరాడక పెదాలు నీలంగా అయిపోయినాయి. 'ఆస్పత్రిలో పని చేస్తావు, నీకు తెలీదా' అని డాక్టరు నన్ను తిట్టినాడు. గోడ పగలగొడితే ఆటో మా గడప కాడికి వస్తాది. మాకు కావాల్సింది అంతే."

ఆ తరువాత ఆర్చి మాట ఎవరూ ఎత్తలేదు. మా వీధివాళ్ళు కఠినాత్ములు కారు. కళ్ళెదుట మనిషి నిలబడి చెబితే కరుగుతారు. కళ్ళెదుట నిలబడకుండా ఉండడానికే కదా గోడ కట్టుకున్నది. ఆమె వైపువాళ్ళు కలిసి రాకపోతే నిధులు రావన్న సంగతి కూడా అందరికీ గుర్తుందనుకోండి. గోడకు ఒకచోట ఆటో పట్టేంత సందు తెరవాలి, అవతల ఖాళీ స్థలం మీదుగా సిమెంటు బాట వేయాలి అని తీర్మానం జరిగింది. ఆమె కూర్చుంటూ కోటు చివరతో ముఖం తుడుచుకుంది.

తీర్మానం చేయడం తేలికే. గోడ ఎక్కడ పగలగొట్టాలన్నది మరుసటి ఆదివారం చర్చకు వచ్చింది. అవతల పొడుగునా ఖాళీ స్థలమే గనుక ఎక్కడ పగలగొట్టినా బాట పడుతుంది. ఇవతల పొడుగునా మా ఇళ్ళు. ఎక్కడ పగలగొట్టినా ఆ బాట ఎవరో ఒకరి గేటుకు సూటిగా వచ్చి ఆగుతుంది.

ఆ రోజు నేను విన్న మాటలు ఏ నాటకంలోనూ వినలేదు. బాట కావాలన్నది అందరి మాట. పేదవాళ్ళకు అంతమాత్రం చేయలేమా అన్నది అందరి మాట. తమ ఇంటి ముందు మాత్రం వీలుకాకపోవడానికి ప్రతి ఒక్కరికీ ఒక మంచి కారణం ఉంది. ఒకాయన కొడుకు గ్రూపు పరీక్షలు రాస్తున్నాడు. ఒకావిడ కూతురికి పలమనేరు సంబంధం చూస్తున్నారు, ఇలాంటి సమయంలో పోటు పడితే కుదిరేది కూడా తప్పిపోతుందట. కెమిస్ట్రీ మేష్టారు ఒకరున్నారు. నా పుస్తకాలు కొని చదివే మనిషి. ఆయన గొంతు తగ్గించి, "నాకు పట్టింపు లేదు సార్, మా అత్తగారికి," అన్నాడు. ఆయన అత్తగారు ఐరాలలో ఉంటారు. ఈ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియాలి.

ఎవరో బాటను వంకరగా వేద్దామన్నారు. కొలతలు తీసుకుంటున్న మునిసిపాలిటీ ఇంజినీరు, ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి, టేపు చుట్టేసి, "వంకర తిప్పితే ఆటో తిరగదు సార్," అంది.

"అయితే వేపచెట్టుకి సూటిగా పెట్టండమ్మా."

"చెట్టు వీధి చివర్న ఉంది. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు అడ్డం."

అప్పుడు గ్రానైటు వ్యాపారి ముఖం వెలిగింది. నా వైపు తిరిగాడు.

"సార్, మీకు ఇట్లాంటివి ఏమీ లేవు గదా?"

"ఎట్లాంటివి?"

"అదే సార్. నమ్మకాలు."

వీధి వీధంతా నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఇన్నేళ్ళలో నా హేతువాదానికి అంత గౌరవం ఎన్నడూ దక్కలేదు. వినాయక చవితి చందా ఇవ్వనందుకు పలకరించడం మానేసిన పక్కింటాయన కూడా ఆప్యాయంగా చూస్తున్నాడు. నమ్మనివాడికి పోటు తగలదన్నది వాళ్ళు అప్పటికప్పుడు కనిపెట్టిన శాస్త్రం. అది ఏ గ్రంథంలో ఉందని నేను అడగలేదు. గోడ అవతలి ఆమె నా నోటి వైపే చూస్తోంది.

"నా గేటుకు ఎదురుగానే పగలగొట్టండి," అన్నాను.

చప్పట్లు కొట్టారు. నా ఉపన్యాసాలకు వచ్చేవాటికంటే గట్టిగా.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమె దేవుళ్ళు ఆమెకున్నారు, నా పుస్తకాలు నాకున్నాయి. ఒకే ఇంట్లో రెండూ దుమ్ము పట్టకుండా చూసేది మాత్రం ఆమే.

"వీధిలోని పోట్లన్నీ మనింటికి రాయించుకోని వచ్చినారంట గదా?"

"భయమా నీకు?"

"మీతో ఇన్నేండ్లు కాపురం సేసినాను. ఇంకేం పోటు పొడుస్తాది నన్ను?" అని లోపలికి పోయింది. దాన్ని అంగీకారంగా రాసుకున్నాను.

పని మొదలైంది. మా వంతు శ్రమ కింద రెండు వీధులవాళ్ళూ గోడ పగలగొట్టి రాళ్ళు మోయాలి. మా వైపు మగవాళ్ళు గడ్డపారతో ఫొటోలు దిగారు, అవతలివాళ్ళు గడ్డపారతో గోడ పడగొట్టారు. అయినా అబద్ధం చెప్పకూడదు, మధ్యాహ్నానికి కొందరు నిజంగానే చొక్కాలు విప్పారు. టీ వచ్చింది. ఎవరి గ్లాసులో ఎవరు తాగాలన్న ప్రశ్న పుట్టకుండా కాగితం కప్పుల్లో వచ్చింది. మన దేశంలో సంఘ సంస్కరణకు కాగితం కప్పు చేసిన సేవను ఎవరైనా రాస్తే బాగుండును. తాగి అవతల పారేయడమే. పుణ్యమూ మిగలదు, పాపమూ మిగలదు.

గోడకు నోరు తెరుచుకుంది. బాట పడింది. ఇంజినీరమ్మాయి వచ్చి చూసి, అంతా బాగుంది, నెలాఖరులోగా పని పూర్తయిన ఫొటోలు పంపితే మిగతా నిధులు విడుదలవుతాయి అని చెప్పి వెళ్ళింది. సిమెంటు ఆరాక మొదటి ఆటోను రప్పించాలనుకున్నారు. ఈలోగా నేను ఒక సభకు పలమనేరు వెళ్ళాను. మూఢనమ్మకాల మీద మాట్లాడడానికే. రెండు రోజులుండి వచ్చాను.

వచ్చేసరికి నా గేటు పక్కన, ప్రహరీని ఆనుకుని, వీధిలోకి పొడుచుకొచ్చిన నల్లరాతి అరుగు ఉంది. నడుం ఎత్తు. దాని మీద గోనెపట్టాలో చుట్టి, తాడు కట్టిన ఒక విగ్రహం. గోనె చిరుగులోంచి తొండం కొస మాత్రం బయటికి కనిపిస్తోంది. అరుగు ముందువైపు దాత పేరు చెక్కి ఉంది. ఎవరి పేరో చెప్పనక్కరలేదు.

నేను కేకలు వేశాను. దాన్ని కాదనను. గ్రానైటు వ్యాపారి పరుగున వచ్చాడు.

"కోపం చేసుకోవద్దు సార్. మీకు నమ్మకం లేదు, సరే. మాకు ఉండాది గదా? మీ ఇంటికాడ పెట్టమని సెప్పింది నేను. రేపు మీకు ఏమన్నా అయితే ఈ వీధంతా నా మొగాన ఊస్తాది. నా పెండ్లాం అప్పుడే అడగతా ఉండాది, 'పాపం ఆ సార్‌ని ఎందుకు ఇరికించినావు' అని. వినాయకుడు ఉంటే పోటుకి అడ్డం నిలబడతాడు. శ్రావణంలో మంచి దినం సూసి ప్రతిష్ఠ చేయిస్తా. ఖర్చంతా నాదే."

ఆ మనిషి కళ్ళల్లో నిజంగానే నా మీద బెంగ ఉంది. నన్ను బలి ఇచ్చినందుకు ఆయన కొన్నాళ్ళుగా సరిగా నిద్రపోవడం లేదని అర్థమైంది. ద్వేషించేవాణ్ణి ఎదుర్కోవడానికి నాకు వాదనలున్నాయి. ప్రేమించేవాడి ముందు ఏ వాదన తీయాలి?

ఆ మర్నాడు డయాలసిస్ రోజు. ఆయా తండ్రి కోసం ఆటో వచ్చింది. మా వీధి ఇరుకు. ఆటో వచ్చి, నా గేటు వైపు వెడల్పుగా తిప్పుకుంటేనే గోడ సందులోకి దూరుతుంది. ఇప్పుడు ఆ తిప్పుకునే చోట అరుగుంది. డ్రైవరు ముందుకు తెచ్చాడు, వెనక్కి తీశాడు. వెనక చక్రం అరుగుకు తగిలింది. మళ్ళీ చూశాడు, ఈసారి ముందు చక్రం గోడ అంచుకు తగిలింది.

"దూరదు సార్. దేవుడు అడ్డం కూర్చోనుండాడు," అన్నాడు.

ఆటో మా వీధిలోనే ఆగిపోయింది. బాట పొడుగునా ప్లాస్టిక్ కుర్చీ మళ్ళీ కదిలింది. ముసలాయన బరువు లేని మనిషే గానీ, ఆ రోజు దొరికింది ముగ్గురే. నాలుగో కాలు ఆయన కూతురు పట్టుకుంది. ఆయనది కార్వేటినగరం దగ్గర పల్లె. చెరుకు తోటల్లో పనిచేసి పనిచేసి ఇక్కడికి వచ్చిన మనిషి. కుర్చీని నా గేటు ముందు కాసేపు దించారు. ఆయన గోనెపట్టా వైపు చూశాడు.

"ఆయప్ప కూడా నా మాదిరే. ఎవరో మోసకచ్చి కూర్చోబెడితే కూర్చోనుండాడు," అన్నాడు.

మోస్తున్నవాళ్ళు నవ్వారు. కూతురు మాత్రం నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"సార్, మావాళ్ళు కొందరు దాన్ని తీసి పక్కన పెడదామంటా ఉండారు. వద్దని కాళ్ళు పట్టుకున్నట్టు సెప్పినా. మేం చర్చికి పొయ్యేవాళ్ళం. మేం వినాయకుణ్ణి ముట్టుకున్నామంటే, బాట సంగతి ఎవరికీ గుర్తుండదు. గోడ మళ్ళా లేస్తాది. మీరే ఏదో ఒకటి చెయ్యాల. కోప్పడొద్దు సార్, మీరు కోప్పడినా మా మీదికే వస్తాది."

ఆ చివరి మాట నన్ను ఆపింది. అప్పటికే ఒక నిప్పులాంటి వ్యాసం నా తలలో సగం తయారైంది. నేను గడ్డపార తీసుకుని ఆ అరుగును పగలగొట్టే దృశ్యం కూడా చూసుకున్నాను. పత్రికల్లో వస్తుంది. మిత్రులు ఫోన్లు చేసి మెచ్చుకుంటారు. ముసలాయన కుర్చీలోనే ఉంటాడు. నేను గెలిచే వాదానికి వేరేవాళ్ళు దెబ్బలు తినాలి, అంతే.

సాయంత్రం దాకా గొణుగుతూ తిరిగాను. మా ఆవిడ బీన్స్ ఒలుస్తూ చూసింది, చూసింది, చివరికి అడిగింది.

"అరుగు ఎప్పుడు కట్టినారు?"

"నేను పలమనేరులో ఉన్నప్పుడు."

"అంటే మొన్న. అప్పటికే ఆషాఢం పడింది గదా?"

"పడితే?"

"పుట్టినప్పట్నించీ పంచాంగాన్ని తిడతా వచ్చినారు. ఒకతూరి తెరిచి సూడండి. తిట్టేదానికైనా పనికొస్తాది."

ఆమె పూజగది నుంచి తెచ్చి ఇచ్చింది. నా జీవితంలో మొదటిసారి పంచాంగాన్ని ఖండించడానికి కాక, ఆధారం కోసం చదివాను. శూన్యమాసం. గృహారంభాలు కూడవు, ప్రతిష్ఠలు కూడవు, శుభకార్యం దేనికీ శ్రీకారం చుట్టకూడదు. ఇంత ఆనందంగా నేను ఏ పుస్తకమూ చదవలేదు.

వీధి చివరింట్లో పురోహితుడు ఉంటాడు. ఆయనకూ నాకూ పాత వైరం. ఇద్దరమూ దాన్ని అపురూపంగా కాపాడుకుంటూ వచ్చాం. మర్నాడు సాయంత్రం అందరినీ నా గేటు ముందుకు పిలిచి, అందరి ముందూ ఆయన్ని అడిగాను.

"సామీ, ప్రతిష్ఠ కాని విగ్రహం దేవుడా, రాయా?"

"ప్రతిష్ఠ జరగకుంటే శిల్పమే సార్." ఆయన చిరునవ్వు ఆపుకోలేకపోయాడు. "మీరు నన్ను శాస్త్రం అడిగే దినం వస్తాదని నేను అనుకోలేదు."

"అయినా గానీ సామీ," అని గ్రానైటు వ్యాపారి అడ్డం వచ్చాడు, "ఆషాఢంలో కదిలించేది మంచిది కాదు. శూన్యమాసం."

"కదిలించకూడని నెలలో కట్టొచ్చా?" అన్నాను.

గ్రానైటు వ్యాపారి మెడ తడుముకున్నాడు.

"నెలాఖరుకి ఫొటో పోవాలని ఇంజినీరమ్మ సెప్పింది గదా సార్. అంతా తయారుగా ఉంటే ఒకే ఫొటోలో వస్తాదని తొందరపడినా. మునిసిపాలిటీకి ఆషాఢం యాడ ఉండాది?"

"అయితే దోషమే," అన్నాడు పురోహితుడు, ఇప్పుడు పూర్తిగా గంభీరంగా. "శూన్యమాసంలో మొదలుపెట్టిన కట్టడం చెల్లదు. శాస్త్ర ప్రకారం ఆ అరుగు కట్టనట్టే లెక్క."

వెనకనుంచి ఆయా గొంతు వినిపించింది. "కట్టనట్టే అయితే మా ఆటోకి ఎట్ల తగలతా ఉండాది సామీ?"

ఈసారి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గ్రానైటు వ్యాపారి కూడా నవ్వాడు గానీ అది ఏడుపులాంటి నవ్వు. "తీసేస్తే సార్‌కి కాపలా ఎవరు?" అని మళ్ళీ అక్కడికే వచ్చాడు.

అప్పుడు మా ఆవిడ గేటు తెరుచుకుని బయటికి వచ్చింది.

"ఈ ఇంట్లో సగం నాది. గేటు స్తంభాల్లో ఒకటి నాది. అందులో గూడు తొలిపించండి, గోడలోకి సరిపోయేటట్టు. వీధిలోకి గోరంత కూడా రాకూడదు. శ్రావణంలో ప్రతిష్ఠ నేను సేయించుకుంటా. ఆయన స్తంభం ఖాళీగానే ఉంటాది, ఆయన బుర్ర మాదిరి."

మర్నాడే గ్రానైటు వ్యాపారి తన షెడ్డు నుంచి రాయి కోసే మిషను తెప్పించాడు. తన పేరున్న రాతిని తానే దగ్గరుండి కోయించాడు. దుమ్ము కళ్ళలో పడిందని తుడుచుకున్నాడు, నేను నమ్మాను. నమ్మడం నాకు అలవాటు లేదు గానీ ఆ ఒక్కసారి నమ్మాను. కోసిన ముక్కలు బాట పక్క కాలువ మీద మూతలుగా పడ్డాయి.

ఆ వారమే ఆటో వచ్చింది. నా గేటు వైపు వెడల్పుగా తిరిగి, సందులో దూరి, బాట వెంట నేరుగా పోయి ఆయా గడప ముందు ఆగింది. కుర్చీ అవసరం పడలేదు. కూతురూ డ్రైవరూ చెరోవైపు పట్టి కూర్చోబెట్టారు. ఆటో గోడ దాటి మా వీధిలోకి రాగానే ముసలాయన తల బయటికి పెట్టి మా ఇళ్ళను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. గోడకు వెనకే కొన్నేళ్ళుగా ఉంటున్నా, కుర్చీలోంచి చూసిన ఆ ఒక్క రోజు తప్ప ఆయన మా వీధిని చూడలేదు.

"ఈడ ఇన్ని ఇండ్లు ఉండాయా?" అన్నాడు. "మనుషులు కూడా ఉండారే!"

ఆయనకు జబ్బు నయమైందని చెప్పను. నయమయ్యే జబ్బు కాదు. కానీ అప్పటి నుంచి ఆయన ఒక్క డయాలసిస్ కూడా ఎగ్గొట్టలేదు. కూలికి పోయేవాళ్ళు కూలికి పోతున్నారు. కూతురు ఆ రోజుల్లో సెలవు పెట్టడం లేదు, ఆటోలో ఆసుపత్రి దాకా వెళ్ళి అక్కడే డ్యూటీ ఎక్కుతోంది.

మునిసిపాలిటీకి ఫొటో వెళ్ళింది. రెండు వీధుల సమైక్యతకు ఆదర్శమని మెచ్చుకున్నారట. ఆ ఫొటోలో కాగితం కప్పులు కనిపించవు.

వీధిపోటు మాత్రం ఇంకా తేలలేదు. మా మేడ మీద అద్దెకుండే కుర్రాడికి బదిలీ అయింది. అది నా ఇంటి పోటేనని సగం వీధి. వాడు సొంత ఊరికి బదిలీ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు గనుక అది స్తంభంలోని వినాయకుడి చలవేనని మిగతా సగం. ఒకే బదిలీ రెండు శాస్త్రాలను ఋజువు చేసింది. నన్ను చూడడానికి వచ్చే హేతువాద మిత్రులు మాత్రం గేటు దగ్గర ఆగి, ఆ గూటినీ నన్నూ మార్చి మార్చి చూస్తారు. ఒకాయన లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. "పంచాంగం పట్టుకుని గెలిచావట, సిగ్గు లేదూ?" అని ఫోనులో అడిగాడు. ఆటో వెడల్పెంతో నీకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. తెలుసుకుని ఫోను చేయమన్నాను. ఇంకా చేయలేదు.

ఇది చదివి నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాయాలనుకుంటున్నారా? రాయకండి. తిడుతూ కూడా రాయకండి. మీ ఊళ్ళో ఇలాంటి పథకం ఉండవచ్చు, లేకపోవచ్చు. గోడ మాత్రం తప్పకుండా ఉంటుంది. ఈ పూటే చెప్పులు వేసుకుని చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళండి. మొదటి తలుపు తట్టండి. ఇక్కడ ఎవరినైనా కుర్చీలో మోస్తున్నారా అని అడగండి. మోస్తున్నారంటే, మీ వీధివాళ్ళను కూర్చోబెట్టి గోడ ఎక్కడ పగలగొట్టాలన్న మాట వచ్చినప్పుడు, మీ పక్కింటాయన ముఖం చూడకండి. ముందు మీరు చెయ్యెత్తండి.